కృష్ణన్–మధురం: తమిళ తెరమీద ఒక జంట చరిత్ర

అలంకారశాస్త్రం పాఠం చెప్పేటప్పుడు హాస్యరసం దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ నాకు ఒక ఇబ్బంది ఎదురవుతూ వుంటుంది. భరతుడు నవ్వును ఆరు విధాలుగా విభజించాడు. స్మితమూ, హసితమూ ఉత్తములకు. విహసితమూ, ఉపహసితమూ మధ్యములకు. అపహసితమూ, అతిహసితమూ అధములకు. అంటే పెద్దమనిషి పలువరస కనిపించకుండా నవ్వాలి. పనివాడు కళ్ళవెంట నీళ్ళు కారేటట్టు, భుజాలు అదిరేటట్టు నవ్వుతాడు. సంఘంలో వున్న అంతస్తులన్నీ నవ్వులోకి కూడా వచ్చి కూర్చున్నాయి. పోయిన ఏడు ఈ పాఠం చెబుతూ వుంటే వెనక వరస నుంచి ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, ఎవరు ఎట్లా నవ్వాలో చెప్పారు సరే, అధములనే వాళ్ళు నవ్వించడం మొదలుపెడితే ఎవరిని చూసి నవ్విస్తారు?" అని అడిగింది.

ఆ గంటలో నేను 'కన్యాశుల్కం' పేరు చెప్పి తప్పించుకున్నాను. కాని ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. గిరీశాన్ని సృష్టించినవాడు చదువుకున్నవాడు, సంస్థానం అండ వున్నవాడు. ఆ అమ్మాయి అడిగింది అట్టడుగునుంచి వచ్చిన నవ్వును గురించి. ఆలోచించగా నాకు తట్టిన పేర్లు మన భాషలోవి కావు. తమిళ చలనచిత్రాలలో 1936 మొదలు రెండు దశాబ్దాలపాటు జంటగా నటించిన ఎన్.ఎస్. కృష్ణన్, టి.ఎ. మధురం.

తెలుగు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 1953 దాకా మనలో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలోనే వున్నది. తెలుగు చిత్రాలూ, తమిళ చిత్రాలూ ఒకే స్టూడియోలలో, ఒకే దీపాల కింద, చాలాసార్లు ఒకే పెట్టుబడితో తయారైనాయి. ఒక గోడకు అవతల జరిగిన చరిత్ర ఇవతలివాళ్ళకు పరాయిది కాదు.

ఆనాటి తమిళ చిత్రంలో హాస్యం కథలో అంతర్భాగం కాదు, అతుకు. కథానాయకుడు పాడతాడు, నాయిక ఏడుస్తుంది, దేవుడు ప్రత్యక్షమవుతాడు. మధ్య మధ్య కథ ఆగిపోయి హాస్యగాళ్ళు వస్తారు, తమ తగాదా తాము తీర్చుకుని పోతారు. ఇది సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. మన తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తూ వుండగా కేతిగాడూ, బంగారక్కా, జుట్టుపోలిగాడూ తెరమీదికి దూకి వూళ్ళో వాళ్ళ బండారం బయటపెట్టడం లేదా? రాముడి భాష వేరు, కేతిగాడి భాష వేరు. కాళిదాసు శాకుంతలంలో సైతం ఉంగరం దొరికిన జాలరి రాజుగారి సంస్కృతం మాట్లాడడు, ప్రాకృతం మాట్లాడతాడు, రక్షకభటుల చేత తన్నులు తింటాడు. 1940లో ఎల్లిస్ ఆర్. డంగన్ 'శకుంతలై' తీసినప్పుడు ఆ జాలరి పాలు కృష్ణన్‌కే వచ్చింది, తోడుగా టి.ఎస్. దురైరాజ్ వున్నాడు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాటకోసం వెళ్ళిన ప్రేక్షకజనం ఈ జాలరుల కోసం కూడా వెళ్ళారు.

ఈ అతుకు పద్ధతికి కళలోనే కాక వ్యాపారంలో కూడా కారణం వున్నది. పురాణకథ అందరికీ తెలిసిందే. దానికి మళ్ళీ మళ్ళీ జనాన్ని రప్పించాలంటే ప్రతిసారీ కొత్తగా వుండేది ఏదో ఒకటి కావాలి. ఆ కొత్తదనాన్ని నిర్మాతలు హాస్యగాళ్ళకు వదిలిపెట్టారు. కృష్ణన్ దీనిని గ్రహించాడు. తన ఘట్టాలు తానే అల్లుకునేవాడు, తన నటులను తానే తెచ్చుకునేవాడు, పాటలకు ఉడుమలై నారాయణకవి వుండేవాడు. దర్శకుడితో అట్టే ప్రమేయం లేకుండా తమ భాగాన్ని తయారుచేసి అప్పగించేవారు. నిర్మాతకు ఇది చవకగా, సులువుగా వుండేది. నాయకుడి పాత్రను భక్తిశ్రద్ధలతో కాపాడిన నిర్మాత, హాస్యగాడు ఏమంటున్నాడో అంతగా పట్టించుకోలేదు. ఆ అశ్రద్ధ ఇచ్చిన జాగాలోనే ఈ జంట తమ పని చేసుకున్నది.

కృష్ణన్ 1908లో నాగర్‌కోయిల్ దగ్గర ఒళుగినశేరిలో పేద కుటుంబంలో పుట్టాడు. అది అప్పటికి తిరువాన్కూరు సంస్థానం. ఆయన మొదటి విద్య విల్లుపాట. పెద్ద వింటికి గజ్జెలు కట్టి, నారిమీద కర్రలతో కొడుతూ, కుండా ఉడుక్కా వాయిస్తూ గ్రామదేవతల కొలువుల్లో రాత్రంతా కథ చెప్పే పద్ధతి అది. ప్రధాన గాయకుడు కథ చెబుతూ వుంటే పక్కవాడు ప్రశ్నలు వేస్తాడు, ఊకొడతాడు, ఎదురు చెబుతాడు. మన బుర్రకథలో ఒక వంత హాస్యానికి, ఒక వంత రాజకీయానికి వున్నట్టే ఇదీను. తర్వాత ఆయన టి.కె.ఎస్. సోదరుల నాటక సమాజంలో పెరిగాడు. వాళ్ళ నాటకం ఆధారంగా 1935లో వచ్చిన 'మేనక'తో తెరమీదికి వచ్చాడు. మరుసటి సంవత్సరం వచ్చిన 'సతీ లీలావతి' తాగుడుకు వ్యతిరేకంగా తీసిన చిత్రం. ఎం.జి. రామచంద్రన్ మొదటిసారి తెరమీద కనిపించింది కూడా అందులోనే.

మధురం తిరుచిరాపల్లి ప్రాంతపు మనిషి. కృష్ణన్ కంటే ముందు చెప్పుకోదగిన పేరున్న నటి. 1935లోనే 'రత్నావళి'లో నటించింది. ఆ రోజుల్లో మద్రాసులో స్టూడియోలు తక్కువ, తమిళ చిత్రాలు బొంబాయి, పూనా, కలకత్తా వెళ్ళి తీసుకువచ్చేవారు. 1936లో 'వసంతసేన' కోసం పూనా వెళ్ళిన బృందంలో వీళ్ళిద్దరూ కలిశారు. అక్కడ మొదలైన జంట తెరమీదా, ఇంటా కూడా జంటే అయింది. వీళ్ళ చరిత్ర రాసేవారు సాధారణంగా దీన్ని ప్రేమకథగా చెప్పి ముచ్చటపడతారు. కృష్ణన్‌కు అప్పటికే పెళ్ళయిందనీ, తరువాత మధురం చెల్లెలిని కూడా పెళ్ళాడాడనీ వాళ్ళే ఒక మాట చెప్పి దాటిపోతారు. మద్రాసు రాష్ట్రంలో హిందువుల ద్విభార్యత్వాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1949లో. తెరమీద సంస్కరణ బోధించిన మనిషి ఇంటి వ్యవస్థ పాత సంఘానిదే. దీన్ని నేను నిందగా రాయడం లేదు. కాని సంస్కర్త బతుకునూ బోధనూ పక్కపక్కన పెట్టి చూడడం మనం ఇతరుల విషయంలో చేసే పనే, ఇక్కడా చేయాలి.

ఈ జంట హాస్యానికి ఆయువుపట్టు మొగుడూ పెళ్ళాల వాదన. మొగుడు గొప్పలు చెబుతాడు, భార్య నిలదీస్తుంది. మొగుడు శాస్త్రం చెబుతాడు, భార్య బియ్యం సంగతి అడుగుతుంది. ప్రసిద్ధమైన ఒక యుగళగీతంలో మొగుడు విజ్ఞానశాస్త్రాన్ని పెంచుతానని బయలుదేరతాడు. భార్య అయితే నాకేం చేసిపెడతావని అడుగుతుంది. మీట నొక్కితే ఇడ్లీ, కాఫీ దానంతటవే వచ్చే యంత్రం సంగతి అందులో వస్తుంది. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ఒక పెద్ద ప్రశ్న వున్నది. విజ్ఞానం పెరిగితే ఆ ఫలం ఎవరికి దక్కాలి? పొద్దున లేచిన దగ్గరనుంచి పొయ్యిముందు కూర్చునే ఆడదానికి దక్కకపోతే ఆ విజ్ఞానం ఎందుకు? ఈ ప్రశ్నను ఉపన్యాసంగా చెబితే ఎవరూ వినరు, పెళ్ళాం మొగుణ్ణి అడిగినట్టు అడిగితే నేలబెంచీ దగ్గరనుంచి బాల్కనీ దాకా వింటారు.

ఇక్కడ మధురం పని ఏమిటో గమనించాలి. కృష్ణన్ మాట విసిరితే దానిని అందుకుని, బరువు చూసి, తిరగ్గొట్టే పని ఆమెది. విల్లుపాటలో పక్కవాడు చేసే పని అది. అయితే విల్లుపాట పక్కవాడు ప్రధానుడికి లోబడినవాడు. మధురం లోబడదు. ఆమె నమ్మకపోవడమే ఘట్టాన్ని నడుపుతుంది. ఆమె "ఊ" అంటే కథ అయిపోతుంది, "ఊహూ" అంటేనే సాగుతుంది. నేపథ్యగానం ఇంకా స్థిరపడని కాలం కనుక ఇద్దరూ తమ పాటలు తామే పాడుకున్నారు. ఆ పాటల్లో మాటకూ పాటకూ నడుమ గీత గీయడం కష్టం.

1944 దీపావళికి 'హరిదాస్' విడుదలయింది. ఎం.కె. త్యాగరాజ భాగవతార్ నాయకుడు, కృష్ణన్–మధురం హాస్యం. అది మద్రాసు బ్రాడ్వే టాకీసులో మూడు దీపావళులు చూసింది. కాని ఆ మూడు దీపావళులలో రెండింటికి దాని నాయకుడూ, హాస్యనటుడూ జైల్లో వున్నారు. 1944 నవంబరు 8న లక్ష్మీకాంతన్ అనే పత్రికాధిపతిని మద్రాసు వేపేరిలో కత్తితో పొడిచారు, మరునాడు అతను చనిపోయాడు. సినిమావాళ్ళ ఇళ్ళ గుట్లు అచ్చువేసి బతికిన పత్రికలు అతనివి. డిసెంబరులో భాగవతార్‌నూ, కృష్ణన్‌నూ అరెస్టు చేశారు. 1945లో యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. హైకోర్టు అప్పీలు కొట్టివేసింది. ప్రివీ కౌన్సిల్ కేసును తిరిగి విచారించమని పంపగా, 1947 ఏప్రిల్‌లో ఇద్దరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఈ సంగతిని తారల జాతకాల కథగా చెప్పుకునే అలవాటు మనకున్నది. నాకు మాత్రం వేరొక దృశ్యం కనిపిస్తుంది. కృష్ణన్ జైలు గదిలో వున్నాడు. అదే రాత్రి బ్రాడ్వేలో అతని బొమ్మ తెరమీద నవ్విస్తూ వున్నది. టిక్కెట్ల డబ్బు వస్తూనే వున్నది. మనిషిని నిర్బంధించినా అతని శ్రమఫలం నిర్బంధం కాలేదు, అమ్ముడవుతూనే వున్నది. నాటకంలో నటుడు రాకపోతే ఆట లేదు. సినిమాలో నటుడు లేకపోయినా ఆట ఆగదు. కళాకారుడికీ అతని కళకూ నడుమ యంత్రమూ పెట్టుబడీ ప్రవేశించినప్పుడు ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఆ రెండేళ్ళకు పైగా కాలంలో మధురం ఏం చేసింది? జంటలో ఒకరు పోతే రెండోవారు దేనికీ కొరగారని అనుకునే పరిశ్రమ అది. కేసు ఖర్చులు మీదపడ్డాయి. ఆమె నటుడు ఎస్.వి. సహస్రనామం తోడ్పాటుతో కృష్ణన్ పేరుమీద నాటక సమాజం నిలబెట్టి నడిపింది. వాళ్ళు ఆడిన వాటిలో 'పైత్తియక్కారన్' ఒకటి, అంటే పిచ్చివాడు. వితంతు వివాహాన్ని బలపరిచే నాటకం. కృష్ణన్–పంజు దర్శకత్వంలో 1947లో అది చిత్రమై వచ్చింది, మధురం అందులో రెండు పాత్రలు ధరించింది. జంటలో ఆమెది సగమేనని అనుకుంటే ఈ సంవత్సరాల లెక్క కుదరదు. సినిమాను వదలి నాటకానికి తిరిగి వెళ్ళడం కూడా గమనించవలసిందే. తెర తలుపు మూసినప్పుడు ఆమెకు దారి చూపింది రంగస్థలం. మన ప్రాంతాలలో అదే కాలంలో ప్రజానాట్యమండలి 'మా భూమి' ఆడుతున్నది, నాజర్ దళం బుర్రకథ చెబుతున్నది. వాళ్ళ వెనుక ఉద్యమం వున్నది. ఆమె వెనుక అప్పులు వున్నాయి. అయినా ఆమె ఎంచుకున్నది సంఘ సంస్కరణ నాటకమే.

జైలునుంచి వచ్చిన కృష్ణన్‌కు 1947లోనే పమ్మల్ సంబంధ మొదలియార్ చేతులమీదుగా 'కలైవాణర్' అనే బిరుదు వచ్చింది. 1949లో ఆయన తానే నిర్మాతగా 'నల్లతంబి' తీశాడు. సి.ఎన్. అన్నాదురై సినిమాకు తొలిసారి రచన చేసింది దీనికే. ఫ్రాంక్ కాప్రా 1936 నాటి అమెరికన్ చిత్రం ఒకటి దీనికి మూలం, మన భానుమతి ఒక నాయిక. అంతవరకు అతుకుగా వున్న హాస్యగాడు ఇప్పుడు కథకే నాయకుడయ్యాడు. జమీందారీ ఆస్తి చేతికి వచ్చిన పల్లెటూరివాడు దానిని జనం బాగు కోసం వినియోగించడం కథ. మద్యనిషేధ ప్రచారం దానిలో నిండా వున్నది.

ఆ చిత్రంలో నిలిచిపోయేది 'కిందన్ చరిత్రం' అనే కాలక్షేపం, అంటే హరికథ. నందనార్ చరిత్రను పంతొమ్మిదో శతాబ్దంలో గోపాలకృష్ణ భారతి తమిళంలో కీర్తనలుగా కట్టాడు. అంటరానివాడైన పాలేరు నందుడు చిదంబరం వెళ్ళి స్వామిని చూడాలని తపిస్తాడు, యజమాని వెళ్ళనివ్వడు. చివరకు నిప్పుల్లో దిగి పునీతుడై దేవుడిలో లీనమవుతాడు. కృష్ణన్ ఆ హరికథ పద్ధతిని అట్లాగే వుంచాడు. చిడతలు, ఊనికలు, వ్యాఖ్యానం, భక్తులను అడ్డుకునే పిట్టకథలు, అన్నీ వున్నాయి. మనిషిని మాత్రం మార్చాడు. కిందన్ అంటరాని కులపు పిల్లవాడు, అతని తపన చదువుకోసం. అతను చిదంబరం వెళ్ళడు, రైలెక్కి పట్నం వెళతాడు, చదువుకుంటాడు. నందుడికి దక్కింది మోక్షం, అంటే ఈ లోకంనుంచి నిష్క్రమణ. కిందన్‌కు దక్కింది ఈ లోకంలో ఒక చోటు. పాత కథలో నిప్పు ఎక్కడ వున్నదో కొత్త కథలో అక్కడ రైలు వున్నది. అదీ బొగ్గు నిప్పుతో నడిచేదే గాని అందులో మనిషి కాలవలసిన పనిలేదు.

మన తెలుగులో ఇంతకు ముందే 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. మరుసటి ఏడు 'రైతుబిడ్డ' తీశాడు. అక్కడ సంఘ సమస్య ప్రధాన కథలోనే వున్నది, దాని స్వరం గంభీరమైనది. తమిళంలో అదే సమస్య హాస్యం దారిన వచ్చింది. ఏది మేలు అని తూచడం నా ఉద్దేశం కాదు. గంభీరంగా చెబితే అడ్డుకునేవాళ్ళు బయలుదేరుతారు, నవ్వుతూ చెబితే అడ్డుకునేవాడు కూడా ముందు నవ్వి తరువాత ఆలోచించుకోవలసి వస్తుంది. అయితే నవ్విన తరువాత ఆలోచించకుండా ఇంటికి పోయే వీలు కూడా అందులో వున్నది. ఈ రెండో సంగతిని మనం మరవకూడదు.

1951లో కృష్ణన్ భారతీయ చలనచిత్ర ప్రతినిధి వర్గంలో సోవియట్ యూనియన్ వెళ్ళివచ్చాడు. అదే ఏడు ఎం. కరుణానిధి రచనతో 'మణమగళ్', 1952లో శివాజీ గణేశన్ నాయకుడుగా 'పణం' స్వయంగా దర్శకత్వం వహించి తీశాడు. 'పణం' అంటే డబ్బు. అందులో ఆయన డబ్బును వెతుకుతూ పాట పాడతాడు. నల్లబజారులో, గిండీ గుర్రప్పందాలలో, ఎన్నికలలో, తిరుపతి హుండీలో ఎక్కడ దాక్కున్నావని డబ్బునే పలకరిస్తాడు. ఆ చిత్రంలోనే ద్రావిడ మున్నేట్ర కళగం పేరులోని మూడు పొడి అక్షరాలను పాటలో పెట్టి, తీరా అది తిరుక్కురళ్ పేరుతో మొదలయ్యే సంఘమని తేల్చిచెప్పాడు. ఆ పార్టీ పుట్టి అప్పటికి మూడేళ్ళు. అధికారికి అభ్యంతరం చెప్పే సందు లేదు, జనానికి అర్థం కాని సందేహం లేదు. తోలుబొమ్మల తెరవెనుకనుంచి కేతిగాడు కరణాన్ని తిట్టే విద్య ఇదే.

ఇంత చెప్పిన తరువాత లోపాలు చెప్పకపోతే విమర్శ కాదు, స్తోత్రం అవుతుంది. మొదటిది, నాయకుడైన తరువాత కృష్ణన్ హాస్యంలో బోధ పాలు పెరిగింది. అతుకుగా వున్నప్పుడు ఆయన ప్రశ్నలు అడిగాడు, నాయకుడయ్యాక జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. రెండవది, తాగుడూ, లోభమూ, అజ్ఞానమూ వ్యక్తుల దోషాలుగా కనిపిస్తాయిగాని వాటిని పెంచి పోషించే ఆస్తి సంబంధాలు అంతగా కనిపించవు. 'నల్లతంబి'లో జమీ మంచివాడి చేతికి వస్తే చాలు, జమీ వుండాలా అన్న ప్రశ్న రాదు. మూడవది, అన్నిటికంటే నన్ను బాధించేది, జవాబులు ఎక్కువైనకొద్దీ మధురం చోటు తగ్గింది. బోధించే మొగుడికి ఎదురు ప్రశ్న వేసే భార్య అడ్డమే అవుతుంది. ఆమె "ఊహూ" అనడం తగ్గినప్పుడల్లా హాస్యం చప్పబడింది.

1957 ఆగస్టు 30న కృష్ణన్ చనిపోయాడు. నలభైతొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. సంపాదించినదంతా అడిగినవాళ్ళకు పంచిపెట్టి చివరకు ఇబ్బందులలో పోయాడు. 1969 జనవరిలో మద్రాసు త్యాగరాయనగర్‌లో ఆయన విగ్రహాన్ని ముఖ్యమంత్రి అన్నాదురై ఆవిష్కరించాడు, మరి మూడు వారాలకు అన్నాదురై కూడా పోయాడు. 1974లో ప్రభుత్వం మద్రాసులోని బాలల రంగశాలకు 'కలైవాణర్ అరంగం' అని పేరు పెట్టింది. పాత భవనం పోయి అదే పేరుతో కొత్తది వచ్చింది, 2020లో అంటువ్యాధి కాలంలో తమిళనాడు శాసనసభ అక్కడే సమావేశమైంది. మధురం చనిపోయింది కూడా 1974లోనే. ఆ సంవత్సరం భవనానికి పెట్టిన పేరు కృష్ణన్ ఒక్కడిదే.

తెలుగు తెరమీద కూడా రేలంగి–గిరిజ, రేలంగి–సూర్యకాంతం వంటి జంటలు జనాన్ని ఏళ్ళతరబడి నవ్వించాయి. వాళ్ళను గురించి జ్ఞాపకాల వ్యాసాలు చాలా వచ్చాయి. ఆ ఘట్టాలలో ఎవరు ఎవరిని ప్రశ్నించారు, ఎవరి ఖర్చున ఎవరు నవ్వారు, భార్య పాత్ర గయ్యాళి అయినప్పుడు నవ్వు ఎవరివైపు నిలబడింది అని లెక్కతీసిన విమర్శ తక్కువ. మా కళాశాలల్లో పరిశోధనకు అంశాలు లేవని విద్యార్థులు వాపోతూ వుంటారు. ఇది వున్నది.

ఆనాడు నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థినికి నేను ఇప్పుడు చెప్పగలిగిన జవాబు ఇది: అట్టడుగువాళ్ళు నవ్వించడం మొదలుపెట్టినప్పుడు ముందు తమ ఇంటి యజమానిని చూసి నవ్విస్తారు, తరువాత వూరి యజమానిని చూసి. ఇంటి యజమానిని చూసి నవ్వించే పనిని తమిళ తెరమీద చేసింది మధురం. ఆ పని లేకుండా రెండో పని సాగదు. కనుక ఈ జంట పేరు చెప్పేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి. వచ్చే ఏడు హాస్యరసం పాఠంలో, భరతుడి ఆరు నవ్వుల పక్కన, నేను కూడా రెండు పేర్లూ చెప్పబోతున్నాను.